పదమూడు మంది, 884 కిలోలు



ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో కాపురం పెట్టిన తెలుగువాళ్లలో చాలామంది ఇప్పుడు పదో అంతస్తులోనో ఇరవయ్యో అంతస్తులోనో ఉంటున్నారు. పాల ప్యాకెట్టుకు దిగాలన్నా, పిల్లల్ని బడి బస్సెక్కించాలన్నా లిఫ్టే దిక్కు. ఆ లిఫ్టులో బటన్ల దగ్గర ఒక చిన్న పలక ఉంటుంది. 13 మంది, 884 కిలోలు అని రాసి ఉంటుంది. చిన్న లిఫ్టయితే 6 మంది, 408 కిలోలు. 8 మంది పట్టేదయితే 544. పెద్ద ఆఫీసు భవనాల్లో 20 మంది, 1360. ఈ కిలోలను ఆ మనుషుల సంఖ్యతో భాగించి చూడండి. ఎక్కడయినా వచ్చేది ఒకటే అంకె, 68. మన లిఫ్టుల లెక్కలో మనిషంటే 68 కిలోలు.

ఆ అంకె భారతీయ ప్రమాణాల సంస్థ లిఫ్టుల కోసం రూపొందించిన ఐఎస్ 14665 ప్రమాణంలోది. ఆ సంస్థ కార్యాలయం ఢిల్లీలోనే, బహదూర్ షా జఫర్ మార్గ్‌లోని మానక్ భవన్‌లో ఉంది. అక్కడికి దగ్గర్లోనే, బారాఖంబా రోడ్డు పక్కన మెట్రో భవన్. ఢిల్లీ మెట్రో సంస్థ కొత్త మార్గాలకు తయారుచేసే నివేదికల్లో ప్రయాణికుడి సగటు బరువు 65 కిలోలు. ఇంకాస్త దక్షిణానికి వెళ్తే సఫ్దర్‌జంగ్ విమానాశ్రయానికి ఎదురుగా పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ. వాళ్ల లెక్కలో పెద్దవాళ్లు 75 కిలోలు, పిల్లలు 35, ఒళ్లో పసిపాప 10. కొద్ది కిలోమీటర్ల దూరంలో మూడు కార్యాలయాలు, మూడు అంకెలు. పొద్దున మెట్రో ఎక్కినప్పుడు 65 కిలోలున్న మనిషి, ఆఫీసు లిఫ్టులో 68 అవుతాడు, సాయంత్రం హైదరాబాదు విమానమెక్కితే 75 అవుతాడు.

ఈ మూడింటిలో ఏది ఒప్పు అని ఎవరికైనా అడగాలనిపిస్తుంది. నా దృష్టిలో అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది. ఎంతమంది కలిసి ఎక్కుతున్నారు? ఇద్దరా, పదమూడు మందా, వందమందా? తలకు ఎన్ని కిలోలు కేటాయించాలన్నది దాన్నిబట్టే మారాలి. ఎందుకు మారాలో చెప్పడానికే ఈ ప్రసంగం. కాగితం, కలం అందుబాటులో ఉంటే తీసుకోండి. లేకపోయినా పరవాలేదు, లెక్క నెమ్మదిగానే చేద్దాం.

మనుషుల బరువులు అన్నీ ఒకటి కావు. సగటు దగ్గర ఎక్కువమంది ఉంటారు, అటూ ఇటూ పోయినకొద్దీ పలచబడతారు. దీన్ని గీస్తే గంట ఆకారంలో ఒక వక్రరేఖ వస్తుంది. 1733లో గణితవేత్త డిమావర్ ఆ వక్రరేఖ సూత్రాన్ని కనుక్కున్నాడు, గౌస్, లాప్లాస్ దాన్ని పెంచి పెద్దచేశారు. స్టాటిస్టిక్స్‌లో నార్మల్ డిస్ట్రిబ్యూషన్ అంటాం. ఈ గంటను గీయడానికి రెండే అంకెలు చాలు. ఒకటి సగటు, రెండోది బరువులు ఆ సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం. సగటుకు ఒక విచలనం కిందా పైనా ఉన్న మేరలో దాదాపు మూడింట రెండు వంతుల మంది వస్తారు. రెండు విచలనాల మేరలో నూటికి 95 మంది వస్తారు.

ఒక ఊహ చేద్దాం. మన సొసైటీలో పెద్దవాళ్ల సగటు బరువు 66 కిలోలు, విచలనం 12 కిలోలు అనుకుందాం. ఇవి నేను లెక్క కోసం పెట్టుకున్న అంకెలు, ఎవరో సర్వే చేసి చెప్పినవి కావు. ఇప్పుడు పదమూడు మంది లిఫ్టెక్కారు. మొత్తం బరువు సగటున ఎంత? పదమూడు అరవై ఆర్లు 858. పలక మీద 884 ఉంది. ఇంకా 26 కిలోల వెసులుబాటు ఉంది కదా అనిపిస్తుంది. కానీ సగటు అంటే కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ, కొన్నిసార్లు తక్కువ. ఎంత తరచుగా, ఎంత ఎక్కువ? దానికి మొత్తం బరువు తాలూకు విచలనం కావాలి.

ఇక్కడే ఈ శాస్త్రంలో నాకు ఎప్పటికీ ముచ్చటగా తోచే సంగతి ఉంది. పదమూడు మంది ఎక్కితే సగటు పదమూడు రెట్లయింది. విచలనం మాత్రం పదమూడు రెట్లు కాదు. లావాటి మనిషి పక్కన సన్నటి మనిషి నిలబడతాడు, ఒకరి ఎక్కువ ఇంకొకరి తక్కువలో చెల్లిపోతుంది. అందుకని విచలనం పదమూడు వర్గమూలం మేరకే పెరుగుతుంది. అంటే సుమారు 3.6 రెట్లు. 12ను 3.6తో హెచ్చవేస్తే 43 కిలోలు. మనకున్న వెసులుబాటు 26. దాన్ని 43తో భాగిస్తే 0.6. డిగ్రీ స్టాటిస్టిక్స్ పుస్తకం చివర ఉండే నార్మల్ పట్టికలో 0.6 ఎదురుగా చూస్తే, హద్దు దాటే సంభావ్యత 0.27 అని తేలుతుంది. భారం 884 దాటగానే లిఫ్టులో హెచ్చరిక గంట మోగుతుందనుకుంటే, పదమూడు మంది నిండా ఎక్కిన నాలుగు సార్లలో ఒకసారి కంటే కాస్త ఎక్కువే అది మోగుతుందన్నమాట. పలక మాట జవదాటకుండా, పదమూడో మనిషి దగ్గరే ఆగినా సరే.

ఆ గంట మోగినప్పుడు ఏం జరుగుతుందో మనకందరికీ తెలుసు. లోపలున్న కళ్లన్నీ ఆఖరున ఎక్కిన మనిషి మీదికి తిరుగుతాయి. ఆ మనిషి కాస్త లావుగా ఉంటే ఇక చెప్పనక్కర్లేదు, తలొంచుకుని దిగిపోవాలి. ఇది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. గంట మోగింది ఆ ఒక్కరి బరువుకు కాదు. పదమూడు బరువుల మొత్తానికి. పలక మీది అంకె ఎంపికలోనే ఆ నాలుగోవంతు సంభావ్యత దాగి ఉంది.

ఇంకో లెక్క. ఢిల్లీ చలి సంగతి మీకు తెలుసు. జనవరిలో స్వెటరు, దానిమీద జాకెట్టు, మఫ్లరు, బూట్లు. మనిషికి రెండు కిలోలు అదనం అనుకోండి. సగటు 66 నుంచి 68కి వచ్చింది. ఇప్పుడు పదమూడు మంది సగటు మొత్తం సరిగ్గా 884. గంట మోగే సంభావ్యత సగానికి సగం. ఉన్నిబట్టల వల్ల 27 శాతం కాస్తా 50 శాతమయింది. గురుగ్రామ్ ఆఫీసుల్లోలాగా చలిబట్టల బదులు మనిషికి మూడు కిలోల ల్యాప్‌టాప్ సంచి ఉందనుకుంటే సగటు 69, సంభావ్యత 60 శాతం దాటుతుంది. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను భుజానికెత్తుకుని వచ్చే కుర్రాడు మన లెక్కలో ఒక మనిషే, లిఫ్టు లెక్కలో మాత్రం దాదాపు ఒకటింపావు మనిషి.

సగటునే 70 అనుకుంటే? 73 శాతం. పోనీ తగ్గించి చూద్దాం. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మన దేశపు ప్రామాణిక పురుషుడికి 65 కిలోలు, స్త్రీకి 55 కిలోలు అని 2020లో నిర్ణయించింది. అంతకుముందు, 2010లో, పురుషుడి అంకె 60గా ఉండేది. ఇవి ఆహారం ఎంత కావాలో లెక్కించడానికి పెట్టుకున్న ఆరోగ్యవంతుల బరువులే తప్ప లిఫ్టెక్కేవాళ్ల సగటు కాదు. అయినా స్త్రీ పురుషులు సమంగా ఎక్కారనుకుని సగటు 60 అని వేస్తే, గంట మోగే సంభావ్యత ఒక్క శాతం కూడా ఉండదు. చూశారా, విచలనం అదే, లిఫ్టు అదే, పలక అదే. సగటు 60 నుంచి 70కి జరిగితే ఒక శాతం కాస్తా డెబ్భై మూడయింది.

సగటు జరుగుతోందా అంటే, జరుగుతోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో చూసినప్పుడు ఢిల్లీ మహిళల్లో మూడోవంతు మంది అధిక బరువుతో ఉన్నారు. 2019-21 సర్వే వచ్చేసరికి ఆ భాగం పదింట నలుగురికి చేరింది. ఐఎస్ 14665లోని 68 మాత్రం కదల్లేదు. 150 పౌండ్లను కిలోల్లోకి మారిస్తే సరిగ్గా 68 వస్తుంది. పౌండ్ల కాలపు అంకె మన దాకా నడిచొచ్చిందనడానికి నాకు ఇంతకంటే వేరే గుర్తు అక్కర్లేదు.

గంట మోగడం ప్రమాదం కాదు, ప్రమాదం రాకుండా కాపలా. గంట మోగితే తలుపు మూసుకోదు, లిఫ్టు కదలదు. దాని వెనక ఇంకా వెసులుబాట్లున్నాయి. లిఫ్టుకు అవతలివైపు ఎదురు బరువు వేలాడుతుంది, గది బరువుతోపాటు నిండు భారంలో దాదాపు సగాన్ని అదే తూస్తుంది. బ్రేకు నిండు భారానికి ఒకటింపావు రెట్లు మోసినా ఆపగలగాలి. తాళ్ల బలం అంతకంటే ఎన్నో రెట్లు. మన 884కు ఒకటింపావు రెట్లంటే 1105. సగటు 66తో పదమూడు మంది మొత్తం 1105 దాటే సంభావ్యత పది కోట్లకు ఒకటి కూడా కాదు. వక్రరేఖ కొసల్లో ఇలాంటి అంకెల్ని అక్షరాలా నమ్మకూడదు. మనుషుల బరువులు అచ్చంగా గంట ఆకారంలో ఉండవు, లావు వైపు తోక కాస్త పొడుగ్గా సాగుతుంది. అయినా పదిమందీ పదమూడు మందీ కలిసినప్పుడు ఆ మొత్తం గంట ఆకారానికి బాగా దగ్గర పడుతుంది. లాప్లాస్ 1810లో నిరూపించిన సిద్ధాంతం ఇచ్చిన భరోసా అది. ఎంత అరుదో తెలియడానికి పది కోట్లకు ఒకటి అన్న ఆ అంకె చాలు.

2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలో కడుతున్న భవనంలో లిఫ్టు కూలి కార్మికులు చనిపోయారు. అలాంటివి నిర్వహణకు, యంత్రాల తనిఖీకి సంబంధించిన విషాదాలు, మన వక్రరేఖ వాటిని ఆపలేదు. ఆ తర్వాత 2024లో ఉత్తరప్రదేశ్ లిఫ్టుల చట్టం తెచ్చింది. హర్యానాకు 2008 నుంచే ఉంది.

గంట లేని వాహనాల సంగతే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. పడవకు గంట లేదు.

2005 అక్టోబరు 2న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ జార్జ్ అనే సరస్సులో ఈథన్ అలెన్ అనే విహార నౌక తిరగబడింది. ఇరవై మంది చనిపోయారు, ఎక్కువమంది వృద్ధులు. ఆ నౌకకు 48 మంది ప్రయాణికుల అనుమతి ఉంది. ఎక్కింది 47 మంది. అనుమతి దాటలేదు. ఆ అనుమతి వెనక ఉన్న లెక్కలో మాత్రం మనిషి బరువు 140 పౌండ్లు, అంటే 63 కిలోల పైచిలుకు. ఆరోజు ఎక్కినవాళ్ల సగటు దాదాపు 80 కిలోలు. తర్వాత అమర్చిన పైకప్పు వల్ల కూడా నౌక నిలకడ తగ్గిందని విచారణలో తేలింది. అలకు ఒక పక్కకు వొరగగానే బల్లల మీదున్నవాళ్లంతా ఆ పక్కకే జారారు. అంతకు దాదాపు మూడేళ్ల ముందు, 2003 జనవరి 8న, అమెరికాలోనే షార్లెట్ నగరంలో ఎయిర్ మిడ్‌వెస్ట్ వారి పందొమ్మిది సీట్ల విమానం పైకి లేస్తూనే కూలి, ఎక్కిన 21 మందీ చనిపోయారు. తోకభాగం అదుపు తీగను తప్పుగా బిగించడం ఒక కారణం, వెనకభాగం బరువెక్కడం రెండో కారణం. కాగితం మీది సగటు బరువులతో చూస్తే అంతా హద్దులోనే ఉంది. ఆ ప్రమాదం తర్వాత అమెరికా విమానయాన శాఖ సగటు బరువును పెంచింది. అక్కడి తీరరక్షక దళం 2011లో పడవల్లో మనిషి బరువును 185 పౌండ్లకు పెంచింది.

మన కృష్ణలో 2017 నవంబరు 12న పవిత్ర సంగమం దగ్గర పడవ మునిగి ఇరవై మందికి పైగా పోయారు. అది అనుమతి లేని పడవ, మోయదగినవాళ్లకంటే ఎక్కువమందిని ఎక్కించారు. అక్కడ ఏ పట్టికా అక్కర్లేదు, మనుషుల్ని లెక్కపెట్టే ఒక్కడు గట్టిగా ఉంటే చాలు. లేక్ జార్జ్ విషాదం అలాంటిది కాదు, మనుషుల్ని సరిగ్గానే లెక్కపెట్టారు. అందుకే అది నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది.

మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. గంట వెయ్యిసార్లలో ఒక్కసారికి మించి మోగకూడదని నియమం పెట్టుకుందాం. సగటు 66, విచలనం 12 అలాగే ఉంచుదాం. వాహనంలో ఒక్కరే ఉంటే ఆ ఒక్కరికి 103 కిలోలు కేటాయించాలి. ఆరుగురికి తలా 81. పదమూడు మందికి తలా 76. వందమందికి తలా 70 చాలు. మంది పెరిగినకొద్దీ ఎక్కువ తక్కువలు ఒకదానిలో ఒకటి చెల్లిపోయి, తలకు కేటాయించవలసింది సగటు దగ్గరికి దిగుతుంది. ఆరుగురి లిఫ్టుకూ ఇరవైమంది లిఫ్టుకూ ఒకే 68 రాసుకోవడంలో ఉన్న లోపం ఇదే. యూరప్ లిఫ్టు ప్రమాణంలో పదమూడు మందికి 1000 కిలోలు, తలకు 75 పైమాటే. మన లెక్కలో వచ్చిన 76కు అది ఎంత దగ్గరగా ఉందో గమనించండి.

దీనికి రెండో ముఖం ఉంది, అదే ఎక్కువ భయపెట్టేది. వందమంది పడవలో తలకు 70 కేటాయించారు, అసలు సగటు 72 అయింది. ఇప్పుడు చెదురు మనల్ని కాపాడదు. వందమంది కలిస్తే మొత్తం సగటుకు అంటిపెట్టుకుని ఉంటుంది, ఆ సగటే హద్దు పైన ఉంది. ఇక దాదాపు ప్రతి ప్రయాణమూ అధిక భారమే. కొద్దిమంది ఎక్కే చోట భయం ఆ రోజు ఎవరెవరు ఎక్కారన్నదాని వల్ల. ఎక్కువమంది ఎక్కే చోట భయం సగటు పాతబడడం వల్ల. మొదటిది ఎప్పుడో ఒకసారి తగులుతుంది, రెండోది రోజూ తగులుతూ, గాలో అలో తోడయ్యేదాకా కనబడకుండా ఉంటుంది.

ఢిల్లీ మీదుగా చార్‌ధామ్‌కు వెళ్లే మన యాత్రికులు చాలామంది ఫాటా, సిర్సీ, గుప్తకాశీల నుంచి కేదార్‌నాథ్‌కు హెలికాప్టరు ఎక్కుతారు. ఎక్కేముందు ఒక్కొక్కరినీ కాటా మీద నిలబెడతారు. అందరి ముందూ బరువు చూడటమేమిటని కొందరు నొచ్చుకుంటారు. ఎక్కేది అయిదారుగురు. ఎత్తయిన కొండల్లో గాలి పలచన, రెక్కలకు దొరికే బలం తక్కువ. అక్కడ సగటు మీద ఆధారపడటానికి వీల్లేదు, తూచవలసిందే. బోయింగులో నూట ఎనభై మందిని తూచకపోవడానికీ, హెలికాప్టర్లో ఆరుగుర్ని తూచడానికీ వెనకున్నది ఆ వర్గమూలమే. దయచేసి నొచ్చుకోకండి.

మనం చేసిన లెక్కలన్నిటికీ ఒక షరతుంది. ఎక్కినవాళ్లు ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్లయి ఉండాలి. నిజజీవితంలో అలా ఉండదు. పొద్దున ఏడింటికి లిఫ్టు నిండా బడిపిల్లలు. రాత్రి జిమ్ మూసే వేళకు కండలు తిరిగిన కుర్రాళ్లు. మోడల్ టౌన్ ఛత్రసాల్ స్టేడియంలో సాధన చేసే మల్లయోధులు పదమూడు మంది కలిసి ఎక్కారనుకోండి, లావు సన్నం చెల్లిపోవడమన్నది ఎక్కడ? బరువుల మధ్య పదో వంతు సహసంబంధం ఉన్నా చాలు, మనం వేసిన 43 కిలోల విచలనం 64 అవుతుంది. వెయ్యికి ఒకసారి నియమం నిలబడాలంటే పదమూడు మందికి 1000 కిలోలు కూడా చాలవు, 1050 దాటాలి. పెళ్లివారి పడవలు, క్రీడాకారుల విమానాలు లెక్కించేవాళ్లు మరిచిపోకూడని షరతు ఇది.

ఇవన్నీ తేలాలంటే ముందు కొలవాలి. ఢిల్లీ పరిసరాలకూ ఒక తెలుగువాడి పనికీ ఇక్కడ చుట్టరికముంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా భారతీయ గణాంక సంస్థకు వెళ్లిన సి.ఆర్.రావు, మహలనోబిస్, మజుందార్‌లతో కలిసి 1949లో ‘సంఖ్య’ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. 1941లో సంయుక్త రాష్ట్రాలలో, అంటే నోయిడా, గాజియాబాదు ఇప్పుడున్న ఉత్తరప్రదేశ్‌లో, జనం శరీర కొలతలు తీసిన సర్వేకు గణాంక విశ్లేషణ అది. వాళ్ల ప్రయోజనం వేరు, సమూహాల మధ్య పోలికలూ తేడాలూ తేల్చడం. కానీ దానికోసం ముందు మనిషి మనిషినీ కొలిచారు, ఆ తర్వాతే సూత్రాల జోలికి పోయారు. 2023లో, తన నూట మూడో ఏట కన్నుమూయడానికి కొద్ది నెలల ముందు అంతర్జాతీయ గణాంక బహుమతి ఆయన్ని వరించింది. ఆయన కాలంలో కొలవడం ఎంత శ్రమో ఊహించండి.

ఇప్పుడు ఆ శ్రమ లేదు. గంట మోగించే లిఫ్టుకు అడుగునో తాడు దగ్గరో భారం కొలిచే సాధనం ఉంటుంది. మెట్రో పెట్టె కింద గాలి స్ప్రింగులుంటాయి, వాటిలోని ఒత్తిడిని బట్టి పెట్టె ఎంత నిండిందో తెలుసుకుని బ్రేకు బలాన్ని సర్దుతారు. ఈ మహానగరం తన జనాన్ని రోజంతా తూస్తూనే ఉంది. తూచిన అంకెను ఆ క్షణానికి వాడుకుని వదిలేస్తున్నాం. దాన్ని పోగుచేస్తే, ఎంతమంది ఎక్కారో తెలిపే కెమెరా లెక్కతో జోడిస్తే, సగటూ విచలనమూ సహసంబంధమూ మూడూ తేలతాయి. 65, 68, 75లలో ఏది నిలబడుతుందో వాదన లేకుండా తెలుస్తుంది.

ధౌలా కువాఁలోని శ్రీ వెంకటేశ్వర కళాశాలలో స్టాటిస్టిక్స్ చదివే పిల్లలు ఇది వింటుంటే, మీకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు దొరకదు. సొసైటీ కమిటీల్లో ఉన్న పెద్దలు వింటుంటే, మీ దగ్గరికి లిఫ్టు నిర్వహణ కుర్రాడు వచ్చినప్పుడు రెండు సంగతులు అడగండి. భారం కొలిచే సాధనాన్ని తెలిసిన తూకపురాళ్లతో చివరిసారి ఎప్పుడు సరిచూశారు? అది నమోదుచేసే అంకెలను బయటికి తీయవచ్చా? తీయవచ్చంటే జనవరిలో ఒక వారం, మే నెలలో ఒక వారం రాసిపెట్టమనండి. చలిబట్టల బరువు ఎంతో మీ టవరుకు మీరే చెప్పగలుగుతారు.